తరంగ సమీకరణంలోకి సంకీర్ణ సంఖ్యలు వచ్చిన దారి

మైనస్ ఒకటికి వర్గమూలమైన 'ఐ'తో కూడిన సంకీర్ణ సంఖ్యలు పదహారో శతాబ్దపు ఇటలీలో ఘన సమీకరణాల సాధనలో తలెత్తినవే అయినా, భౌతికశాస్త్రం వాటిని చాలాకాలం లెక్కను సులువు చేసే పనిముట్టుగానే చూసింది. కాంతి తరంగాన్ని సంకీర్ణ రూపంలో రాసి, లెక్కంతా ముగిశాక వాస్తవ భాగాన్ని మాత్రమే ఉంచుకోవడం పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులకు అలవాటైన పద్ధతి. 1926లో ఎర్విన్ ష్రోడింగర్ కూడా ఎలక్ట్రాన్ తరంగ సమీకరణం మీద ఆ అలవాటుతోనే పని మొదలుపెట్టాడు.

అంతకు ముందు ఏడాదే 'ఐ' మరో దారిన లోపలికి వచ్చింది. వెర్నర్ హైసెన్‌బర్గ్ 1925లో ఎలక్ట్రాన్ కక్ష్యను పక్కనపెట్టి, పరమాణువు ఒక శక్తిస్థాయి నుంచి మరో స్థాయికి మారేటప్పుడు వెలువడే కాంతికి సంబంధించిన రాశులను పట్టికగా పేర్చాడు. తరంగపు కంపన పరిమితిని, అంటే ఆంప్లిట్యూడ్‌ను, వర్గం చేస్తే దాని తీవ్రత వస్తుందన్న పాత సూత్రమే ఇక్కడా వర్తించింది కనుక, పట్టికలోని ఒక్కో రాశి పరమమూల్యపు వర్గం ఆ మార్పు జరిగే సంభావ్యతను సూచించింది. ఆ పట్టికలు మాత్రికలని గుర్తించిన మాక్స్ బార్న్, పాస్కువల్ జోర్డన్‌తో కలిసి రాసిన వ్యాసంలో, స్థాన ద్రవ్యవేగాల గుణకారక్రమం మారితే వచ్చే భేదాన్ని 'ఐ' ఉన్న సమీకరణంగా నిలిపాడు.

ష్రోడింగర్‌కు మాత్రం సంకీర్ణ సంఖ్యలకు ఇలా మౌలిక స్థానం దక్కడం రుచించలేదు. 1926 జూన్ 6న భౌతికశాస్త్రజ్ఞుడు లోరెంజ్‌కు రాసిన లేఖలో, సంకీర్ణ సంఖ్యల వాడకం తనకు అయిష్టమనీ, ఎలక్ట్రాన్‌ను వర్ణించే తరంగ ప్రమేయం మౌలికంగా వాస్తవ ప్రమేయమే అయివుండాలనీ చెప్పాడు. దానికి తగ్గట్టు ఆయన దగ్గర ఒక సమీకరణమూ ఉంది: కాలం పరంగా రెండో క్రమానిదీ, స్థానం పరంగా నాలుగో క్రమానిదీ అయిన అందులో 'ఐ' ఎక్కడా కనిపించదు. అయితే స్థితిజశక్తి కాలంతో మారనంతవరకే అది చెల్లుతుంది. పరమాణువు మీద కాంతి పడి ఆ శక్తి క్షణక్షణం మారే సందర్భాన్ని లెక్కించబోయేసరికి అది నిలవలేదు. అదే నెలలో పంపిన నాలుగో వ్యాసంలో, కాలం పరంగా మొదటి క్రమానిదైన, 'ఐ'తో కూడిన సమీకరణాన్ని ఆయన ప్రకటించక తప్పలేదు. క్వాంటం సిద్ధాంతంలో అత్యంత ప్రసిద్ధమైన సమీకరణాన్ని దాని కర్తే కొంత బిడియంతో బయటపెట్టాడనడం అతిశయోక్తి కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గోట్టింగెన్‌లో బార్న్, పరమాణువును ఢీకొన్న ఎలక్ట్రాన్లు ఏ దిశల్లోకి చెదురుతాయో లెక్కిస్తూ, తరంగం చెప్పేది ఎలక్ట్రాన్ ఎక్కడుందన్న సంగతి కాదనీ, ఒక్కో దిశలో అది దొరికే సంభావ్యత మాత్రమేననీ ప్రతిపాదించాడు. వ్యాసంలో మొదట ఆ తరంగపు ఆంప్లిట్యూడ్‌నే సంభావ్యతగా పేర్కొని, ప్రూఫులు దిద్దే దశలో చేర్చిన అధోజ్ఞాపికలో దాని వర్గమే సంభావ్యత అని సవరించాడు. 1954లో ఆయన అందుకున్న నోబెల్ బహుమతికి ప్రధాన కారణమైన భావన తొలిసారి అచ్చయింది ఆ అధోజ్ఞాపికలోనే. తరంగ ప్రమేయాన్ని దాని సంయుగ్మంతో, అంటే 'ఐ' గుర్తు మార్చిన రూపంతో, గుణించగా వచ్చే రాశిని ష్రోడింగర్ విద్యుదావేశ సాంద్రతగా చదువుకున్నాడు. బార్న్, ఆ తర్వాత మరో భౌతికశాస్త్రజ్ఞుడు పౌలీ దాన్నే సంభావ్యతగా చదివారు. 1927లో జోర్డన్ 'సంభావ్యతా ఆంప్లిట్యూడ్' అన్న పేరు వాడుతూ, ఆ ఆలోచనను పౌలీకే ఆపాదించాడు.

తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకోవడానికైతే ఋణసంఖ్యలు చాలు. సంకీర్ణ సంఖ్యలు అక్కరలేదు. వాటి అవసరం అసలు కాలంతో వచ్చింది. నిశ్చిత శక్తి గల స్థితిని కొసైన్ తరంగంగా రాస్తే, దాని వర్గం ప్రతి ఆవర్తనంలో రెండుసార్లు సున్నా అవుతుంది. అంటే ఆ క్షణాల్లో ఎలక్ట్రాన్ ఎక్కడా లేనట్టే. అదే సంకీర్ణ రూపంలో దశాకోణం తిరుగుతూనే ఉన్నా పరమమూల్యం మారదు కనుక, మొత్తం సంభావ్యత ఎప్పుడూ ఒకటిగానే నిలుస్తుంది.

అయినా వాస్తవ సంఖ్యలతోనే సరిపెట్టే ప్రయత్నాలు ఆగలేదు. 1960లో భౌతికశాస్త్రజ్ఞుడు స్ట్యూకెల్‌బర్గ్ వాస్తవ సంఖ్యల హిల్బర్ట్ ఆకాశంలో, అంటే క్వాంటం స్థితులను సూచించే గణిత అంతరాళంలో, క్వాంటం సిద్ధాంతాన్ని నిర్మించాడు గానీ, రెండుసార్లు ప్రయోగిస్తే గుర్తు మారే ఒక పరికర్తను అందులో చేర్చవలసి వచ్చింది. 'ఐ' చేసే పని కూడా అదే. 2021లో నేచర్ పత్రికలో వెలువడిన ఒక వ్యాసం, స్వతంత్ర మూలాల నుంచి వచ్చే కణాల వ్యవస్థలను సాధారణ నియమం ప్రకారమే కలపాలన్న షరతు మీద, వాస్తవ సంఖ్యల సిద్ధాంతాన్ని సంకీర్ణ సంఖ్యల సిద్ధాంతం నుంచి ప్రయోగంతో వేరుచేయవచ్చని చూపింది. ఆ తర్వాత జరిగిన ప్రయోగాలు సంకీర్ణ రూపాన్నే సమర్థించాయి.