సొంత వెబ్‌సైటుకు శోధన సాధనం

వ్యక్తిగత వెబ్‌సైటులో, బ్లాగులో పేరుకున్న రచనల్లోంచి పాఠకుడు తనకు కావలసినది వెతుక్కునేందుకు చేసే ఏర్పాటును సైటు శోధన అంటారు. వాడుకలో దీన్ని సెర్చ్ అనే పిలుస్తారు. ఏళ్ల తరబడి రాసిన వ్యాసాలకు తేదీల వారీ జాబితా ఒక్కటే దారి అయితే పాతవి ఉన్నా లేనట్టే. సాధనం ఎంపికను మూడు విషయాలు నిర్ణయిస్తాయి: సైటు ఎలా నడుస్తోంది, ఎంత పెద్దది, ఏ భాషలో ఉంది. తెలుగు సైటుకు వీటిలో మూడోదే కీలకం. ఇంగ్లిషులో చక్కగా పనిచేసే సాధనాలు కొన్ని తెలుగు దగ్గర పూర్తిగా చతికిలపడతాయి.

పనిచేసే తీరు

దాదాపు ప్రతి శోధన సాధనానికీ పునాది పదసూచిక. పుస్తకం చివర ఇచ్చే సూచికలాగే, ఏ మాట ఏయే పేజీల్లో ఉందో ఇందులో ముందే నమోదై ఉంటుంది. సూచిక తయారీలో మొదటి మెట్టు పాఠాన్ని మాటలుగా విడగొట్టడం. ఈ పని చేసే భాగాన్ని టోకెనైజర్ అంటారు.

దొరికిన పేజీల్లో ఏది ముందు చూపాలన్నది రెండో ప్రశ్న. 1960లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెరార్డ్ సాల్టన్ బృందం స్మార్ట్ అనే వ్యవస్థపై ఈ రంగంలో తొలి ప్రయోగాలెన్నో చేసింది. అన్ని పేజీల్లోనూ కనిపించే మాటకు తక్కువ విలువ, అరుదైన మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలన్న సూత్రాన్ని కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించారు. లండన్ సిటీ యూనివర్సిటీలో ఒకాపి వ్యవస్థపై పనిచేసిన స్టీఫెన్ రాబర్ట్‌సన్ తదితరులు 1990లలో రూపొందించిన బీఎం25 సూత్రం ఆ ఆలోచనకు కొనసాగింపు. డగ్ కటింగ్ 1999లో రాసిన శోధన లైబ్రరీ లూసీన్, ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోని శోధన భాగం ఎఫ్‌టీఎస్5 ఇప్పుడు వరుస కట్టేది ఈ సూత్రంతోనే.

రకాలు

బయటి సెర్చ్ ఇంజన్. గూగుల్ ప్రోగ్రామబుల్ సెర్చ్ పెట్టెను సైటులో అతికిస్తే వేరే ఏర్పాటేమీ అక్కర్లేదు. అయితే గూగుల్ సూచికలోకి ఎక్కిన పేజీలే ఇందులో దొరుకుతాయి. నిన్న రాసిన వ్యాసం ఇవాళే కనిపిస్తుందన్న హామీ లేదు. ఉచిత రూపంలో ప్రకటనలు వస్తాయి, పాఠకుడు ఏం వెతికాడో గూగుల్‌కు తెలుస్తుంది.

డేటాబేస్ శోధన. వర్డ్‌ప్రెస్ సహజంగా ఇచ్చే శోధన పదసూచిక జోలికి పోదు. టైపు చేసిన అక్షరాల వరుస పాఠంలో ఎక్కడున్నా పట్టుకుంటుంది. సైటు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది గానీ కొన్ని వందల వ్యాసాల దాకా ఇబ్బంది ఉండదు. సొంత సర్వరున్నవారికి ఎఫ్‌టీఎస్5 వేగమైన మార్గం.

బ్రౌజరులో శోధన. సర్వరు ప్రోగ్రామేమీ లేని స్టాటిక్ సైట్లకు ఇది అనువైన దారి. లూనర్ జేఎస్ వంటివి మొత్తం సూచికను పాఠకుడి బ్రౌజరులోకి దించుకుంటాయి. క్లౌడ్‌క్యానన్ సంస్థ 2022లో విడుదల చేసిన పేజ్‌ఫైండ్ సూచికను ముక్కలుగా కోసి, వెతికిన మాటకు అవసరమైన ముక్కలనే తెస్తుంది. 10,000 పేజీల సైటులోనూ ఒక శోధనకు దిగే డేటా 300 కిలోబైట్లు దాటదని దాని తయారీదారుల మాట.

అద్దె సేవలు, పెద్ద ఇంజన్లు. పారిస్‌లో 2012లో మొదలైన ఆల్గోలియా సేవ తన సర్వర్లలోనే సూచికను ఉంచుతుంది. ఎలాస్టిక్‌సెర్చ్, మెయిలీసెర్చ్, టైప్‌సెన్స్‌లను సొంత సర్వరులో నడుపుకోవచ్చు. కొన్ని వందల వ్యాసాల సైటుకు ఎలాస్టిక్‌సెర్చ్ మోయలేని బరువు.

తెలుగు పాఠంతో వచ్చే చిక్కులు

యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అక్షరాల వర్గంలో ఉండవు. వాటిది గుర్తుల వర్గం. ఎఫ్‌టీఎస్5లోని యూనికోడ్61 టోకెనైజర్ మామూలు అమరికలో అక్షరాలను, అంకెలనే మాటలో భాగంగా లెక్కగట్టి, ఈ గుర్తులు వచ్చిన చోటల్లా మాటను తెంపేస్తుంది. దాంతో 'పుస్తకం' అన్న మాట 'ప', 'స', 'తక' అనే మూడు ముక్కలవుతుంది. 'తెలుగు' మిగిలేది 'త', 'ల', 'గ'గా. 'తొలిగా' కూడా సరిగ్గా అవే ముక్కలుగా విరుగుతుంది కాబట్టి, తెలుగు అని వెతికిన పాఠకుడికి తొలిగా అన్న మాటున్న పేజీలూ వస్తాయి. టేబుల్ సృష్టించేటప్పుడే కేటగిరీస్ అనే అమరికలో ఈ గుర్తులకు చెందిన ఎంఎన్, ఎంసీ వర్గాలను చేరిస్తే ఈ దోషం పోతుంది.

లూనర్ జేఎస్‌లో నష్టం ఇంకా పెద్దది. మాటకు అటూ ఇటూ ఉన్న విరామ చిహ్నాలను కత్తిరించే దాని భాగం ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప అన్నిటినీ చెత్తగా చూస్తుంది. ఫలితంగా తెలుగు మాట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. లూనర్ లాంగ్వేజెస్ అనే అనుబంధంలోని తెలుగు భాగాన్ని కలిపితేనే అది తెలుగుకు పనికొస్తుంది. పేజ్‌ఫైండ్ భాషను పేజీ హెచ్‌టీఎంఎల్‌లోని లాంగ్ గుర్తును బట్టి తెలుసుకుని ఒక్కో భాషకు వేరే సూచిక కడుతుంది. అందుకని తెలుగు పేజీకి ఆ గుర్తు సరిగ్గా పెట్టడం సైటు యజమాని బాధ్యత.

రెండో చిక్కు విభక్తులది. పుస్తకం, పుస్తకాన్ని, పుస్తకానికి, పుస్తకాల్లో అన్నవి సాధనం దృష్టిలో నాలుగు వేర్వేరు మాటలు. 'పుస్తక' దాకా టైపు చేస్తే మిగతా రూపాలన్నీ పట్టే ముందుభాగపు శోధన ఇక్కడ అక్కరకొస్తుంది. ఇల్లు, ఇంట్లో, ఇళ్లకు వంటి వాటిలో మొదటి అక్షరం దాటగానే మాట మారిపోతుంది కాబట్టి ఆ ఉపాయం కూడా సరిపోదు. లూసీన్ 9వ తరంలో తెలుగుకు ప్రత్యేక విశ్లేషకం ఉంది. అది ప్రత్యయాలను తీసేసి మూలరూపాన్ని సూచికలో పెడుతుంది.

మూడు అక్షర సంకేతాల చొప్పున పాఠాన్ని కోసే ట్రైగ్రామ్ టోకెనైజర్ 2020లో ఎఫ్‌టీఎస్5కు చేరింది. మాట మధ్యలోని భాగాన్ని కూడా ఇది పట్టగలదు, గుణింతాల గొడవ దీనికి లేదు. కానీ మూడు సంకేతాలకన్నా చిన్న మాటలు దీనికి దొరకవు. 'కథ'లో ఉన్నవి రెండే సంకేతాలు. సాహిత్యం రాసేవారి సైటుకు ఇది చిన్న లోపం కాదు.

మూడో చిక్కు రాతలో తేడాలు. పెళ్ళి, పెళ్లి రెండూ వాడుకలో ఉన్నాయి. 'హైదరాబాద్‌లో' అన్న మాటలో పొల్లు తరవాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. అది లేకుండా టైపు చేస్తే 'హైదరాబాద్లో' అవుతుంది. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జతగానూ నిల్వ చేయవచ్చు. చూపుకు రెండూ ఒకటే. సూచికలోకి ఎక్కించే పాఠానికీ, పాఠకుడు టైపు చేసే మాటకూ ఒకే రకమైన సరిదిద్దుడు వర్తింపజేస్తే ఈ తేడాలన్నీ సర్దుకుంటాయి. అను ఫాంట్ల వంటి యూనికోడ్ కాని పద్ధతిలో టైపు చేసిన పాత రచనలు మాత్రం యూనికోడ్‌లోకి మారేదాకా ఏ సాధనానికీ తెలుగుగా కనిపించవు.

పరిమాణం

యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. మాటకు 8 సంకేతాలు, ఒక ఖాళీ అనుకుంటే 1,000 మాటల వ్యాసం సుమారు 25 కిలోబైట్లు. అలాంటివి 500 ఉంటే 12 మెగాబైట్లు దాటుతుంది. కుదించి పంపినా మొబైల్ డేటాతో చదివే పాఠకుడికి అది భారమే. పూర్తి పాఠాన్ని బ్రౌజరులోకి దించే పద్ధతి కొన్ని పదుల వ్యాసాలకు బాగుంటుంది. అంతకు మించితే ముక్కల సూచికో సర్వరు శోధనో మేలు.

ఎంపిక, పరీక్ష

స్టాటిక్ సైటుకు పేజ్‌ఫైండ్, వర్డ్‌ప్రెస్‌లో నడిచే చిన్న సైటుకు దాని సహజ శోధన, సొంత సర్వరుంటే సరైన అమరికతో ఎఫ్‌టీఎస్5 మంచి ఆరంభం. ఏది ఎంచుకున్నా సైటులో పెట్టేముందు తెలుగు మాటలతో పరీక్షించాలి. 'కథ' వంటి పొట్టి మాట, విభక్తి చేరిన మాట, ళ్ల ఒత్తున్న మాట, ఇంగ్లిషు నుంచి వచ్చిన మాట, సైటులో అసలు లేని మాట ఆ పరీక్షలో ఉండాలి. లేని మాటకు ఫలితాలు వస్తే టోకెనైజర్ మాటలను తెంపుతోందని అనుమానించాలి.

సాధనం అందుకోలేని చోట రచయిత చేయి కలపవచ్చు. ప్రతి వ్యాసానికీ ట్యాగుల్లో ఇల్లు, నీరు, ఊరు వంటి మూలరూపాలను, పెళ్ళి, పెళ్లి వంటి రెండు రకాల రాతలను చేర్చి, ఆ ట్యాగులను కూడా సూచికలోకి ఎక్కిస్తే తెలుగు విశ్లేషకం లేని సాధనంతో కూడా పాఠకుడికి చాలావరకు కావలసినది దొరుకుతుంది.