ఎన్.ఏ.ఏ.సి.పి. లీగల్ డిఫెన్స్ ఫండ్

అమెరికాలో నల్లజాతీయుల పౌరహక్కుల కోసం కోర్టుల్లో పోరాడే సంస్థ. 1940లో థర్‌గుడ్ మార్షల్ స్థాపించారు. 1957లో మాతృసంస్థ ఎన్.ఏ.ఏ.సి.పి. నుంచి విడిపోయినా ఆ పేరు వదులుకోలేదు.

వసతులు సమానమైతే జాతుల్ని వేరుగా ఉంచవచ్చన్న 1896 నాటి ప్లెసీ తీర్పే దీని తొలి గురి. మార్షల్ గురువు చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ ఎత్తుగడ తెలివైనది: ముందు ఉన్నత విద్య మీద దావాలు వేయాలి. సమానత్వమన్న మాట అక్కడ మరీ బూటకం. టెక్సస్ హడావుడిగా తెరిచిన నల్లవారి లా స్కూలు రాష్ట్ర విశ్వవిద్యాలయానికి సాటిరాదని 1950లో స్వెట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత వంతు పిల్లల బడులది. బడుల్లో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని 1954 మే 17న బ్రౌన్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. దక్షిణాది రాష్ట్రాలు మాత్రం ఏళ్ల తరబడి మొండికేశాయి. అమలు కోసం ఊరూరా మళ్లీ దావాలు వేయాల్సి వచ్చింది.