పేరు ఎవరిది? - డొమైన్ చిరునామాల్లో ట్రేడ్‌మార్కులు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక సాఫ్ట్‌వేర్‌పై అభిమానంతో దాని గురించి రాసే వ్యక్తి, ఆ సాఫ్ట్‌వేర్ పేరును తన వెబ్‌సైటు చిరునామాలో వాడుకోవచ్చా? ఈ ప్రశ్నకు భారతీయ న్యాయచరిత్ర ఇచ్చే సమాధానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హైదరాబాదు మూలాలున్న సత్యం ఇన్ఫోవే సంస్థ వివాదంలో 2004లో వెలువడిన సుప్రీంకోర్టు తీర్పు ఇందుకు ప్రధాన ఆధారం. వరంగల్ జంపఖానాల భౌగోళిక గుర్తింపు పోలికకు ఉపకరిస్తుంది.

కీలకపదాలు: డొమైన్ పేరు, ట్రేడ్‌మార్క్, పాసింగ్ ఆఫ్, భౌగోళిక గుర్తింపు, అభిమానుల వెబ్‌సైటు.

1. ఉపోద్ఘాతం

వరంగల్ నగరంలో ‘కాకతీయ’ అన్న పేరు విశ్వవిద్యాలయానికి ఉంది, వైద్య కళాశాలకు ఉంది, వీధి మలుపులోని చిన్న దుకాణాలకూ ఉంది. ఒకరు వాడుకున్నందువల్ల మరొకరికి ఆ పేరు తరిగిపోలేదు. చూసేవారు కూడా ఈ సంస్థలన్నీ ఒకే యాజమాన్యానివని పొరబడరు. బోర్డు ఉన్న చోటు, చేసే పని, పక్కన రాసి ఉన్న మాటలు ఆ తేడాను తెలియజేస్తాయి.

డొమైన్ పేరు విషయంలో ఈ సౌలభ్యం లేదు. ‘డాట్ కామ్’ ముందు ఒక పేరు ప్రపంచం మొత్తానికి ఒకే ఒక్కసారి లభిస్తుంది. ముందుగా నమోదు చేసుకున్నవారికే అది దక్కుతుంది. నమోదు సమయంలో ఆ పేరుపై హక్కు ఎవరిదన్న విచారణ సాధారణంగా జరగదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడిన నాటి నుంచి సాంకేతిక విద్యకు కేంద్రంగా ఉన్న ఈ నగరంలో, ఒక విద్యార్థి తాను నేర్చిన సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో పాఠాలు రాయాలనుకోవడం సహజం. వాటిని ఉంచే చోటికి ఆ సాఫ్ట్‌వేర్ పేరే పెట్టాలనిపించడం కూడా అంతే సహజం. అయితే ఆ పేరు అప్పటికే ఒకరి ట్రేడ్‌మార్క్. ఇక్కడే వివాదం మొదలవుతుంది.

2. పేరుపై రెండు రకాల హక్కులు

భారతదేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం, అదే ఏడాది వచ్చిన భౌగోళిక గుర్తింపుల చట్టం ఒకే రోజున, అంటే 2003 సెప్టెంబరు 15న, అమల్లోకి వచ్చాయి. రెండూ పేరును రక్షించేవే అయినా వాటి స్వభావాలు వేరు.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు చోటు సంపాదించుకున్నాయి. ఆ నేత సంప్రదాయానికి కొనసాగింపుగా కొత్తవాడ వంటి నేతపేటల్లో తయారయ్యే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ హక్కు ఏ ఒక్క వ్యాపారికీ చెందదు. దానిని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, మరొకరికి బదిలీ చేయడానికి చట్టం అనుమతించదు. ట్రేడ్‌మార్క్ అలా కాదు. అది ఒక యజమాని ఆస్తి. దాన్ని అమ్మవచ్చు, లైసెన్సుకు ఇవ్వవచ్చు.

ఈ భేదం ఎంత ఉన్నా రెండు చట్టాల ఆశయం ఒకచోట కలుస్తుంది. కొనుగోలుదారు మోసపోకూడదన్నదే ఆ ఆశయం. వరంగల్‌లో నేయని జంపఖానాను వరంగల్ జంపఖానాగా అమ్మడం తప్పు. వరంగల్ జంపఖానా చరిత్రపై పుస్తకం రాసి, అట్టపై ఆ పేరు అచ్చువేయడం తప్పు కాదు. పేరుతో సరుకు అమ్మడానికీ పేరును ప్రస్తావించడానికీ మధ్య ఉన్న ఈ గీత అట్టపై స్పష్టంగా కనిపిస్తుంది. డొమైన్ చిరునామాలో అది మసకబారుతుంది.

3. తొలి వివాదాలు

భారతీయ న్యాయస్థానాల ముందుకు ఈ సమస్య 1990ల చివరలో వచ్చింది. ‘యాహూ’ పేరుకు ‘ఇండియా’ చేర్చి డొమైన్ నమోదు చేసుకున్న వ్యక్తిపై ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 1999 ఫిబ్రవరిలో కోర్టు తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది ‘రెడిఫ్’ పేరును పోలిన ‘రాడిఫ్’ విషయంలో బొంబాయి హైకోర్టు కూడా ఇదే వైఖరి తీసుకుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ప్రతివాదులు తమ సొంత వెబ్ సేవల కోసం ఆ పేర్లను వాడుకున్నారు. వారు పేరు గురించి మాట్లాడినవారు కారు, ఆ పేరు చాటున వ్యాపారం చేసినవారు.

అంతర్జాతీయ స్థాయిలో ఐకాన్ సంస్థ 1999లోనే డొమైన్ వివాదాల పరిష్కారానికి ఏకరూప విధానాన్ని ఆమోదించింది. ఫిర్యాదు చేసిన ట్రేడ్‌మార్క్ యజమాని అందులో మూడు అంశాలు నిరూపించాలి. డొమైన్ పేరు తన చిహ్నాన్ని తికమక కలిగించేంతగా పోలి ఉండాలి. నమోదు చేసుకున్నవారికి దానిపై న్యాయమైన ప్రయోజనం ఉండకూడదు. దురుద్దేశంతో నమోదు చేసుకుని, దురుద్దేశంతో వాడుతూ ఉండాలి. 2005 నుంచి ‘డాట్ ఇన్’ చిరునామాలకు మన దేశంలో ఇటువంటిదే మరో విధానం ఉంది. అయితే అందులో నమోదు, వాడకం రెండింటిలో ఒకదానిలో దురుద్దేశం కనిపించినా చాలు. ‘డాట్ ఇన్’ చిరునామా తీసుకునే తెలుగు అభిమానికి ఈ చిన్న తేడా చిన్నది కాదు.

4. సత్యం ఇన్ఫోవే తీర్పు

హైదరాబాదులో ఎదిగిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్‌కు అనుబంధంగా 1995లో సత్యం ఇన్ఫోవే ఏర్పడింది. సంస్థ పేరులోని అక్షరాలతో కూర్చిన ‘సిఫీ’ అన్న మాటను 1999లో తన డొమైన్ పేర్లలో నమోదు చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరులో అమెరికాలోని నాస్‌డాక్‌లో షేర్లను నమోదు చేసిన తొలి భారతీయ ఇంటర్నెట్ సంస్థగా నిలిచింది. ‘ఇండియావరల్డ్’ వెబ్‌సైట్ల సంస్థను 499 కోట్ల రూపాయలకు కొనడానికి నవంబరులో ఒప్పందం చేసుకుంది. ఇంటర్నెట్‌లో ఒక పేరుకూ దాని పాఠకులకూ ఆనాడు ఎంత విలువ కట్టారో ఈ మొత్తం చెబుతుంది.

2001లో ‘సిఫీనెట్’ పేరుతో, ఇంచుమించు అవే అక్షరాల డొమైన్లతో, మరో సంస్థ ఇంటర్నెట్ మార్కెటింగ్ ప్రారంభించింది. తమ వ్యవస్థాపకుల పేర్లలోని మొదటి అక్షరాలతో ఆ మాట ఏర్పడిందని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు సత్యం ఇన్ఫోవేకు అనుకూలంగా తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇవ్వగా, కర్ణాటక హైకోర్టు దానిని తోసిపుచ్చింది. 2004 మే 6న న్యాయమూర్తులు రుమా పాల్, పి. వెంకటరామరెడ్డిల ధర్మాసనం హైకోర్టు నిర్ణయాన్ని రద్దు చేసి కింది కోర్టు ఉత్తర్వును పునరుద్ధరించింది.

డొమైన్ పేరు కేవలం కంప్యూటరు చిరునామా కాదని, వ్యాపారాన్ని గుర్తింపజేసే చిహ్నం లక్షణాలు దానికి ఉంటాయని సుప్రీంకోర్టు పేర్కొంది. దేశంలో డొమైన్ వివాదాలకు ప్రత్యేక చట్టం లేకపోయినా ‘పాసింగ్ ఆఫ్’ సూత్రం వర్తిస్తుందని తేల్చింది. ఒకరి సరుకును లేదా సేవను మరొకరిదిగా చలామణీ చేయడమే ‘పాసింగ్ ఆఫ్’. ఈ ఆధారమే తీర్పులో అత్యంత గమనార్హమైన అంశం. కోర్టు రక్షించింది ‘సిఫీ’ అన్న అక్షరాల కూర్పును కాదు, ఆ అక్షరాలను చూసిన వినియోగదారు నమ్మకాన్ని. నమ్మకానికి భంగం కలిగే అవకాశం లేని చోట ఇదే సూత్రం అభిమాని పక్షాన కూడా నిలబడగలదు.

పేరుకు ప్రతిష్ఠను ఇచ్చేది నమోదు పత్రం కాదనడానికి మాతృసంస్థ చరిత్రే నిదర్శనం. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. అదే ఏడాది సంస్థ ‘మహీంద్రా సత్యం’గా మారింది. 2013లో విలీనంతో ‘సత్యం’ పేరు కూడా తొలగిపోయింది.

5. అభిమాని స్థానం

ట్రేడ్‌మార్కుల చట్టం 30వ సెక్షన్ నిజాయితీతో కూడిన వాడకానికి కొంత అవకాశమిస్తుంది. అయితే ఆ వాడకం చిహ్నపు ప్రతిష్ఠను అన్యాయంగా సొమ్ము చేసుకునేది కాకూడదు. ఒడిశాలోని ధమ్రా ఓడరేవు వల్ల సముద్ర తాబేళ్లకు ముప్పని ఆన్‌లైన్ ఆట ద్వారా విమర్శించిన గ్రీన్‌పీస్‌పై టాటా సంస్థ వేసిన దావాలో, 2011లో ఢిల్లీ హైకోర్టు తాత్కాలిక నిషేధానికి నిరాకరించింది. చిహ్నాన్ని విమర్శ కోసం వాడడం భావప్రకటనలో భాగమన్న దృష్టి అందులో ఉంది. విమర్శకుడికి ఉన్న ఈ చోటు అభిమానికి లేదనడానికి తగిన కారణం కనిపించదు.

అయినా చిరునామా విషయంలో అభిప్రాయాలు ఏకరీతిగా లేవు. గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన పేరిట ఉన్న డొమైన్ కోసం చేసిన ఫిర్యాదును 2001లో అంతర్జాతీయ నిర్ణాయక మండలి మెజారిటీతో తిరస్కరించింది. అభిమానుల వెబ్‌సైట్ల విషయంలో తరువాతి మండలులు చిరునామాలో అచ్చంగా చిహ్నమే ఉందా, మరో మాట చేరిందా అన్నదానికి ప్రాధాన్యం ఇచ్చాయి. 2010లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు లెక్సస్ కార్ల మధ్యవర్తుల వ్యవహారంలో ఇదే తేడాను గుర్తించింది. చిహ్నం ఒక్కటే ఉన్న చిరునామా యజమానిదే అనిపిస్తుందని, ‘కొనండి’ వంటి మాట చేరినప్పుడు పాఠకుడు అలా అనుకోనవసరం లేదని వివరించింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచం కూడా పేరును పూర్తిగా విడిచిపెట్టలేదు. వర్డ్‌ప్రెస్ కోడును ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. 2010 నుంచి ఆ పేరుపై హక్కును చూస్తున్న వర్డ్‌ప్రెస్ ఫౌండేషన్ మాత్రం దాన్ని ఇతరుల డొమైన్ పేర్లలో వాడరాదని నియమం పెట్టింది. ఎవరైనా మార్చగలిగే వస్తువుకు అసలుదేదో తెలిపే గుర్తు పేరే కాబట్టి ఈ వైఖరిని వైరుధ్యంగా భావించనక్కరలేదు.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలేది ఒకటి. ‘పేరు వాడారా’ అన్నది అసలు ప్రశ్న కాదు. ‘ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరని పాఠకుడు అనుకుంటాడు’ అన్నదే ప్రశ్న. పాఠంలో, శీర్షికలో, డొమైన్ తరువాతి భాగంలో సాఫ్ట్‌వేర్ పేరును ప్రస్తావించినప్పుడు, రాసేవాడు ఎవరో తెలుస్తూనే ఉంటుంది. డొమైన్‌లో ఆ పేరు ఒక్కటే నిలిచినప్పుడు, అభిమాని తెలియకుండానే యజమాని గొంతుతో మాట్లాడినట్లవుతుంది. పుటలో అడుగున రాసే వివరణ ఆ మొదటి అపోహను ఆలస్యంగా మాత్రమే సరిదిద్దగలదు.

అందువల్ల చిరునామా తన సొంత పేరుతో ఉండడం, పాఠాల్లో సాఫ్ట్‌వేర్ పేరు నిస్సంకోచంగా రావడం తెలుగులో సాంకేతిక విషయాలు రాసేవారికి క్షేమకరమైన మార్గం. ఈ భేదం తెలియనివారికి రెండు నష్టాలున్నాయి. కొందరు ఏళ్ల తరబడి కూడగట్టిన పాఠాల చిరునామానే పోగొట్టుకోవలసి వస్తుంది. మరికొందరు ఒక్క హెచ్చరిక లేఖకు భయపడి రాయడమే మానుకుంటారు. తెలుగులో సాంకేతిక రచన ఇప్పటికే పలుచగా ఉన్నందున రెండో నష్టమే పెద్దది. కొత్తవాడ నేతగాడి పేరు తెలియకపోయినా, జంపఖానా ఎక్కడిదో కొనేవారికి తెలియాలని చట్టం కోరుతుంది. తెలుగు పాఠం ఎవరిదో చదివేవారికి తెలియాలన్నది కూడా అదే న్యాయం.