బిలమే బెలుము

జహీరాబాదు ప్రాంతమున నేలను త్రవ్వినచో పైన ఎఱ్ఱని మొరము, దాని క్రింద నల్లని రాయి కనబడును. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరములనాడు పారిన అగ్నిద్రవము గడ్డకట్టగా ఏర్పడిన రాయి అది. సున్నపురాయివలె నీటికి కరగదు. కనుక నీరు తొలిచిన గుహను చూడగోరినచో మనము దక్షిణమునకు, కర్నూలు సీమకు పోవలెను. ఆ సీమ మనకు పూర్తిగా పరాయిది కాదు. మనలో అనేకుల ఇండ్లలో పరచిన నాపరాయి బేతంచెర్ల, తాడిపత్రి ప్రాంతముల సున్నపురాయియే.

నేటి నంద్యాల జిల్లాలో, కొలిమిగుండ్ల మండలమున, బెలుము గ్రామ సమీపమందలి చదునైన చేలలో బావులవంటి మూడు గోతులున్నవి. నడిమి గోతిలో దిగినచో గుహ ఆరంభమగును. కొండ లేదు, గోపురము లేదు. దగ్గరకు పోయినదాక అక్కడ ఏమియు ఉన్నట్లు తోచదు. వాననీరు గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, పగుళ్లలో దిగి, రాతిని మెల్లగా కరగించుచు వేల యేండ్లు సాగించిన పని ఇది. ఒకనాడు ఇందులో ప్రవహించినది చిత్రావతీ జలమేనని చెప్పుదురు.

ఈ గుహను 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు గుర్తించెనని గ్రంథములు తెలుపును. ఆ దినములలోనే ఆయన బేతంచెర్ల చెంతనున్న బిళ్ళసర్గము గుహలను త్రవ్వించి ప్రాచీన జంతువుల ఎముకలను వెలికి తీయించెను. ఆయన కృషి గొప్పది, సందేహము లేదు. కాని బెలుమును ఆయన కనుగొనెననుట మాకు సమ్మతము కాదు. సంస్కృతమున బిలమనగా రంధ్రము, గుహ. బెలుమను పేరు దానినుండియే వచ్చినదందురు. ఊరికి గుహ పేరు పెట్టుకొన్నవారికి గుహ తెలియదా? విశాఖ మన్యమందలి బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ పరిశోధన శాఖవారు కనుగొనిరని ప్రచార పత్రములలో చదువుచుందుము. ఆ శాఖ పుట్టినదే 1851లో!

తెలిసినవారందరు గౌరవించిరని మాత్రము చెప్పలేము. ఫుట్ తరువాత సుమారు నూరేండ్లు బెలుమును పట్టించుకొన్నవారు లేరు. చుట్టుప్రక్కల ఊళ్ల చెత్త ఆ గోతులలో పడుచుండెను. బనగానపల్లె దగ్గరి రవ్వలకొండ గుహలో వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానము వ్రాసెనను విశ్వాసము ఆ గుహను పూజాస్థలముగ నిలిపినది. అట్టి కథ బెలుమునకు అంత బలముగ అంటుకొనలేదు. 1982, 83 సంవత్సరములలో డేనియల్ గెబావర్ నాయకత్వమున జర్మను బృందమువారు లోపలికి ప్రాకి కొలతలు తీసిరి. 1988లో ప్రభుత్వము ఆ ప్రాంతమును రక్షిత ప్రదేశముగ ప్రకటించినది. పర్యాటక సంస్థ బాటలు, దీపములు అమర్చి, గాలి లోపలికి చొరబడుటకు మార్గములు చేసి, 2002 ఫిబ్రవరిలో ప్రజలకు తెరచినది. తెలిసినంతవరకు గుహ పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మనము నడువవచ్చును.

లోపల సప్తస్వరాల గది యున్నది. అచటి ఊడలను తట్టినచో ఒక్కొక్కటి ఒక్కొక్క నాదమిచ్చును. రేడియో శ్రోతలము కనుక మనకు ఆ నాదము వినవలెనని కోరిక కలుగుట సహజమే. కాని అట్టి ఊడ సగటున ఏడాదికి ఇంచుమించు మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే పెరుగును. జానెడు ఊడకు రెండువేల యేండ్లు! వచ్చిన ప్రతివాడును తట్టిపోయినచో అది ఎంతకాలము నిలుచును? ఒక్కసారి ధ్వనిముద్రణ చేసి అందరకు వినిపించుట మేలని మా అభిప్రాయము.

గుహలో మిక్కిలి లోతైన చోటు పాతాళగంగ, నేలమట్టమునకు 46 మీటర్ల దిగువన ఉన్నది. అక్కడ చిన్న నీటిపాయ కనబడి, మరల రాతిలోనికి మాయమగును. ఆ నీరు రెండు కిలోమీటర్ల దూరముననున్న బెలుము ఊరి బావిలోనికి చేరునని గ్రామస్థుల నమ్మకము.