రక్తపింజరి విషం, కొత్త రక్తనాళాలు: కోరమాండల్ తీరపు శాస్త్రచరిత్ర

నెల్లూరు తీరంలో వరిపొలాల గట్లను తొలిచే ఎలుకలను పట్టే పని తరతరాలుగా యానాది తెగవారిది. అడుగున చిల్లిపెట్టిన కుండలో గడ్డి రాజేసి, మూతిని బొరియకు ఆనించి, చిల్లిలోంచి ఊదుతూ పొగ పంపితే ఎలుకలు ఉక్కిరిబిక్కిరై చిక్కేవి. అవి బొరియలో దాచిన ధాన్యమూ ఆ కుటుంబాలకే దక్కేది. ఎలుకలున్న చోటికి రక్తపింజరి కూడా చేరుతుంది కనుక, ఆ పాము కాటు వారికీ, కోత కూలీలకూ వృత్తిని అంటిపెట్టుకున్న ప్రమాదమైంది.

ఈ పామును శాస్త్రలోకానికి వివరంగా పరిచయం చేసిన ప్యాట్రిక్ రస్సెల్, అంతకుముందు అలెప్పోలో వైద్యుడిగా పనిచేసి, విశాఖపట్నం చేరి, 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. కోరమాండల్ తీరపు సర్పాలపై 1796లో వెలువడిన గ్రంథంలో దీనిని 'కాటుకరేకుల పొడ' అనే తెలుగు పేరుతోనే నమోదు చేశాడు. ఆ పేరు చెప్పిన స్థానికుల పరిజ్ఞానమే అతని పనికి పునాది అయినా, తర్వాతి శాస్త్రం పామును రస్సెల్ పేరుతోనే పిలిచింది. ఆ స్థానికులకు దక్కవలసిన గౌరవం ఇప్పటికీ దక్కలేదు.

ఈ విషం ప్రత్యేకత నెత్తుటిని గడ్డకట్టించడంలో ఉంది. రక్తంలో నిద్రాణంగా ఉండే ప్రోటీన్లు ఒకదాన్నొకటి మేల్కొల్పుతూ, చివరకు త్రాంబిన్ అనే ఎంజైమును పుట్టిస్తాయి. అది ఫైబ్రినోజెన్ అనే కరిగిన ప్రోటీనును ఫైబ్రిన్ పోగులుగా మార్చగా, ఆ పోగుల అల్లికే గడ్డ అవుతుంది. విషం ఈ వరుసలోని పదో కారకం, ఐదో కారకం అనే ప్రోటీన్లను నేరుగా ప్రేరేపిస్తుంది. ఒళ్లంతా ఇలా జరిగితే ఫైబ్రినోజెన్ ఖర్చైపోయి, ఆపై నెత్తురు గడ్డకట్టక చిగుళ్ల నుంచి, మూత్రంలో, కాటు గాయం నుంచి కారిపోతుంది. విషానికున్న ఈ గడ్డకట్టించే గుణాన్నే మందుగా మలచవచ్చని గ్రహించిన పరిశోధకులు మాక్‌ఫార్లేన్, బార్నెట్ 1934లో లండన్‌లో పలుచన చేసిన విషంతో, నెత్తురు సరిగా గడ్డకట్టని హీమోఫిలియా రోగుల రక్తస్రావాన్ని ఆపడానికి ప్రయత్నించారు. 1964లో మాక్‌ఫార్లేనే గడ్డకట్టే ప్రక్రియను ఎంజైముల జలపాతంగా వర్ణించాడు.

గడ్డ పని నెత్తురు ఆపడంతో ముగియదు. ఫైబ్రిన్ అల్లికలోకి రక్తనాళపు లోపొర కణాలు పాకి, గొట్టాలుగా మారి, గాయానికి కొత్త రక్తనాళాలను ఇస్తాయి. త్రాంబిన్ కూడా ఆ కణాల ఉపరితలంపై ఉన్న గ్రాహకాలను చీల్చి, వాటికి ఎదుగుదల సంకేతాన్ని అందిస్తుంది. గడ్డకట్టడాన్ని ఆరంభించే కణజాల కారకం లేని ఎలుక పిండాలు రక్తనాళాలు సరిగా ఏర్పడక చనిపోతాయని 1996లో తేలింది. కణితుల పెరుగుదల కొత్త రక్తనాళాలపై ఆధారపడుతుందని 1971లో జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించాక, కణితి కూడా మానని గాయంలాగే ఫైబ్రినును వాడుకుంటుందని 1986లో హెరాల్డ్ డ్వోరాక్ వాదించాడు.

ఇక్కడే కాటుకరేకుల పొడ మళ్లీ ఎదురవుతుంది. రక్తనాళాలను పెంచే మానవ ప్రోటీన్ అయిన విఈజీఎఫ్‌ను పోలిన ప్రోటీనును జపాన్ పరిశోధకులు 2003లో దాని విషంలో గుర్తించారు. ఇది నాళాల గోడలను వదులు చేసి ద్రవాన్ని బయటికి కారనిస్తుంది. కొందరు బాధితుల్లో రక్తపోటు పడిపోయి, కళ్లు, ముఖం వాచిపోవడానికి ఇది కారణం కావచ్చని వైద్యులు భావిస్తున్నారు.