దక్షిణాన నగలపెట్టె

ఆకాశంలో ఒక నగలపెట్టె ఉంది. ఆ పోలిక తెచ్చింది ఆడవాళ్ళు కాదు సుమండీ! సంసారంతో సహా ఓడెక్కి దక్షిణాఫ్రికా వెళ్ళిన సర్ జాన్ హెర్షెల్. 1834 నుంచి 1838 దాకా కేప్‌టౌన్ దగ్గర కాపురముండి, పెద్ద దూరదర్శినితో దక్షిణాకాశమంతా గాలించాడాయన. త్రిశంకు మండలంలోని ఈ నక్షత్రాల గుంపును అంతకుముందే, 1752 ప్రాంతంలో, లకాయ్ అనే ఫ్రెంచి ఆయన అరంగుళం గాజుబిళ్ళ ఉన్న గొట్టంతో కనిపెట్టాడు. హెర్షెల్ కంటికి అది రంగురాళ్ళు పొదిగిన ఆభరణంలా తోచింది. ఆ పోలికే పేరైపోయింది.

నాకు ఆయనకంటే వాళ్ళ మేనత్త మీద మక్కువ ఎక్కువ. కరొలీన్ హెర్షెల్. అన్న విలియం అద్దం సానపడుతూ చెయ్యి తీయలేని గంటల్లో ఆవిడే నోటికి ముద్ద అందించేది. అన్న చెప్పిన లెక్కలు రాసుకుంటూ, తీరిక దొరికినప్పుడు తనూ ఆకాశం చూసి తోకచుక్కలు కనిపెట్టింది. 1783లో శర్మిష్ఠ మండలంలో ఒక నక్షత్రాల గుంపునూ పట్టుకుంది. 1787లో రాజుగారు ఏడాదికి 50 పౌన్ల జీతం ఏర్పాటు చేశారు. మేనల్లుడు కేప్‌లో ఉన్నప్పుడు, ఎనభై దాటిన ఆవిడ జర్మనీలోని హానోవర్ నుంచి వృశ్చికం వైపు బాగా వెతకమని ఉత్తరాలు రాసింది. 97 ఏళ్ళు బతికీ ఈ నగలపెట్టెను మాత్రం చూడలేదు. హానోవర్‌లో అది ఉదయించనే ఉదయించదు.

మనకు ఉదయిస్తుంది. విశాఖపట్నంలో 1840లోనే గోడే వెంకట జగ్గారావుగారు సొంతానికి వేధశాల పెట్టించుకున్నారు. ఆయన తర్వాత దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగిపోవడాన్ని గమనించినవారు అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు. మామ, అల్లుడు అని సులువుగా అనేస్తాం గాని, ఆ రెండు మాటల మధ్య ఒక ఆడపిల్ల ఉంది కదా! అర్ధరాత్రి దాకా చుక్కలు చూసి వచ్చే మనిషికి తలుపు తీసిందెవరో?

ఇక మా సంగతి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో జనం తల వంచి వజ్రాలు వెతుకుతారు. మే నెలలో రాత్రి తొమ్మిది, పది గంటల వేళ తల ఎత్తితే చాలు. దక్షిణాన, చెయ్యి చాచి కొలిస్తే జానెడు కూడా ఉండని ఎత్తులో ఉంటుందీ పెట్టె. ఆదోనిలో మా ఇంటికి ఆ దిక్కున కొండ అడ్డం. అందుకని ఎమ్మిగనూరులో పుట్టింటి మిద్దె మీద మా అబ్బాయి తన నాలుగంగుళాల టెలిస్కోపు నిలబెట్టాడు. అమ్మ కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు. మగ్గాల ఊరి మనిషి, రంగు విషయంలో మొహమాటం లేదు.

"అన్నీ వజ్రాలేనే, కెంపు ఒగటే!" అంది.

అమ్మ మాటే నిజం. హెర్షెల్ కాస్త ఎక్కువ చెప్పాడనిపిస్తుంది. చిన్న టెలిస్కోపులో నీలితెలుపు చుక్కల నడుమ ఎర్రనిది ఒక్కటే. గుంపులో నూరు దాకా నక్షత్రాలు, అన్నీ ఒకే కాన్పు. వయసు సుమారు కోటిన్నర ఏళ్ళు, నక్షత్రాలకి అది పసితనమే. కాని బరువెక్కువైన నక్షత్రం ఉన్న ఇంధనమంతా దుబారాగా మండించి ముందే ముసలిదవుతుంది. ఉబ్బి, పైన చల్లబడి, ఎర్రబడుతుంది. ఆఖరికి పేలిపోతుంది. అక్కణ్ణుంచి వెలుగు మనదాకా రావడానికి సుమారు 6,400 ఏళ్ళు.

ఇదంతా అమ్మకి చెప్పాను. మా చదువుల కోసం ఆవిడ నగలు రెండుసార్లు సేటు కొట్టుకి వెళ్ళి, ఒక్కసారే తిరిగొచ్చాయి.

"అంత దూరముంటే మంచిదే. తాకట్టుకి పోదు" అని మళ్ళీ కన్ను ఆనించింది.