‘ద హేట్ యూ గివ్’ నవల: చదివినవారు ఏమన్నారు? మనం ఏం గ్రహించాలి?

అమెరికాలో ఉన్న మనవలు, మనవరాళ్లు ఫోన్‌లో మాట్లాడేటప్పుడు బడిలో చదివిన పుస్తకాల సంగతి చెబుతుంటారు. ఇక్కడి పిల్లలూ ఇంగ్లీషు నవలలు బాగానే చదువుతున్నారు. అలా మా సంఘం గ్రంథాలయంలోకి వచ్చిన నవల ఆంజీ థామస్ రాసిన ‘ద హేట్ యూ గివ్’. దీని గురించి తెలుసుకోగోరిన పెద్దల కోసం ఈ వివరాలు ఇస్తున్నాం.

నవల పుట్టుక

ఆంజీ థామస్ మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరంలో పుట్టి పెరిగిన నల్లజాతి రచయిత్రి. 2009 కొత్త సంవత్సరం నాడు కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో, రైల్వే స్టేషన్‌లో, ఆస్కార్ గ్రాంట్ అనే 22 ఏళ్ల నల్లజాతి యువకుణ్ణి ఒక పోలీసు కాల్చి చంపాడు. అప్పటికి కాలేజీ విద్యార్థినిగా ఉన్న థామస్ ఆ బాధలో ఒక కథ రాశారు. అదే పెరిగి నవల అయింది. 2017 ఫిబ్రవరి 28న వెలువడి, న్యూయార్క్ టైమ్స్ పత్రిక యువ పాఠకుల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. 2018లో సినిమాగా వచ్చింది.

కథ

స్టార్ కార్టర్‌కు 16 ఏళ్లు. ఉండేది పేద నల్లజాతి పేటలో, చదివేది తెల్లవారి పిల్లలు ఎక్కువగా ఉన్న ఖరీదైన బడిలో. ఒక రాత్రి చిన్ననాటి స్నేహితుడు ఖలీల్ ఆమెను కారులో ఇంటికి తీసుకువెళ్తుండగా పోలీసు ఆపుతాడు. ఖలీల్ చేతిలో ఆయుధం లేదు. కారులో ఉన్నది తల దువ్వుకునే బ్రష్. అయినా ఆమె కళ్ల ముందే అతణ్ణి కాల్చేస్తాడు. చూసిన సాక్షి ఆమె ఒక్కతే. నోరు విప్పితే ప్రమాదం, విప్పకపోతే అన్యాయం. నవలంతా ఈ నలుగుబాటే.

చదివినవారి స్పందన

నల్లజాతి పాఠకులు ఎక్కువగా చెప్పుకున్నది, తమ ఇంటి మాటలు, తమ వంటిల్లు, తమ నాన్నలు పుస్తకంలో కనిపించారని. పోలీసు ఆపితే చేతులు ఎక్కడ ఉంచాలి, ఎలా మాట్లాడాలి అని స్టార్‌కు 12 ఏళ్లప్పుడే తల్లిదండ్రులు నేర్పుతారు. ఆ ఇళ్లలో ఇది తరతరాల పాఠం. ఇలాంటి పాఠం ఒకటి ఉంటుందని చాలామంది తెల్ల పాఠకులకు ఈ నవలతోనే తెలిసింది. బడిలో స్నేహితురాలు నవ్వుతూ విసిరే జాతి పరిహాసం, అది తప్పంటే ఆమెకు వచ్చే కోపం చాలామందిని ఆలోచింపజేశాయి.

అభ్యంతరాలూ వచ్చాయి. బూతుమాటలు, మాదకద్రవ్యాల ప్రస్తావన ఉన్నాయని 2017 చివర్లో టెక్సాస్‌లోని కేటీ పాఠశాలల విభాగం పుస్తకాన్ని గ్రంథాలయాల నుంచి తీసివేసింది. ఒక విద్యార్థిని సంతకాలు సేకరించింది. కొద్ది నెలలకు పుస్తకం తిరిగి వచ్చింది. 2018 వేసవిలో దక్షిణ కరోలినాలో ఒక హైస్కూలు సెలవుల పఠన జాబితాలో దీన్ని చేర్చితే, పోలీసులపై అపనమ్మకం పెంచుతుందని స్థానిక పోలీసు సంఘం ఆక్షేపించింది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ ఏటా ప్రకటించే, ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పది పుస్తకాల జాబితాలో ఇది 2017, 2018, 2020, 2021 సంవత్సరాల్లో ఉంది. స్టార్ మేనమామ కార్లోస్ కూడా పోలీసే, అతణ్ణి రచయిత్రి మంచివాడిగానే చిత్రించింది కదా అన్నది సమర్థించేవారి జవాబు.

మన సంగతి

స్టార్ ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష మాట్లాడుతుంది. గడప దాటగానే యాస మార్చుకోవడం తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ సీమల్లో స్థిరపడ్డ మన పిల్లలకు బాగా తెలిసిన పనే. కానీ పోలికను అంతవరకే ఉంచాలి. మన పిల్లలు మాట తడబడితే నవ్వులపాలవుతారు. స్టార్ పేటలో తడబాటుకు ప్రాణమే పోవచ్చు.

ఇంకొక మాట. ఈ నవల వెలువడడానికి ఆరు రోజుల ముందు, 2017 ఫిబ్రవరి 22న, కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథాలో హైదరాబాద్‌కు చెందిన తెలుగు ఇంజనీరును ఒక తెల్లవాడు జాతి ద్వేషంతో కాల్చి చంపాడు. ఆనాడు మా సంఘంలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఖలీల్ లాంటి నిజమైన పిల్లలు ఎందరో పోయారు. వారి కోసం మేము ఒక్కసారీ లేచి నిలబడలేదు. పైపెచ్చు అమెరికా వెళ్లే పిల్లలకు ‘నల్లవాళ్ల పేటలో ఇల్లు తీసుకోకండి’ అని చెప్పి పంపినవారిలో మేమూ ఉన్నాం. పెళ్లి సంబంధాల్లో పిల్ల రంగు అడుగుతాం. ఎదుటివారి కులం తెలుసుకున్నాకనే నీళ్ల గ్లాసు తీసే ఇళ్లు మన పేటల్లో ఇంకా లేకపోలేదు. ద్వేషం పరాయి దేశపు సరుకు అనుకోవడానికి వీల్లేదు.

తల్లిదండ్రులకు సూచన

పుస్తకం నాలుగు వందల పేజీలకు పైనే. బూతుమాటలున్న మాట నిజం. 14 ఏళ్లు దాటినవారికి తగినదని మా అభిప్రాయం. పిల్లల చేతికిచ్చి ఊరుకోకుండా పెద్దలూ చదవండి. చదివాక పిల్లలు మనల్ని ఏదైనా అడిగితే, కసురుకోకుండా జవాబు చెప్పండి. వారు అడిగేది అమెరికా గురించే కాకపోవచ్చు, మన ఇంటి గురించి కూడా కావచ్చు.